ఇంగ్లీష్ టీచర్ల రోజువారీ చికాకులు: పేపర్లు దిద్దే టైముకి మీకెవరికైనా డబ్బులిస్తున్నారా?

మారతహళ్ళి_మాధవి
బెంగళూరులో ఇంగ్లీష్ చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, అందుకే అడుగుతున్నా. నేను కోచింగ్ సెంటర్లో ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష), స్పోకెన్ రెండు రకాల బ్యాచ్‌లూ చెప్తాను, గంటకి ఇంత అని ఇస్తారు, గంట అంటే బోర్డు ముందు నిలబడిన గంట మాత్రమే. వారం వారం రైటింగ్ టెస్ట్ పెట్టమంటారు. టాస్క్ వన్ 150 పదాలు, టాస్క్ టూ 250 పదాలు, మనిషికి 400 పదాలు. 25 మంది బ్యాచ్ అయితే 10,000 పదాలు. పేపరుకి పది నిమిషాలు వేసుకున్నా నాలుగు గంటలు దాటుతుంది, అది కూడా గబగబా దిద్దితేనే. ఆ టైమంతా ఇంట్లో కూర్చుని దిద్దుతాను, దానికి రూపాయి ఇవ్వరు. అడిగితే "టీచింగ్ అంటే అదీ కలిపే కదా మేడం" అంటారు. మరి సెంటర్ బ్రోచర్‌లో మాత్రం "పర్సనల్ రైటింగ్ కరెక్షన్" అని పెద్దక్షరాలతో వేసుకుంటారు, దాన్ని చూసే పిల్లలు చేరుతున్నారు.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నాయి. ఎప్పుడు చూసినా ఎండిపోయిన మార్కర్లు, అద్దాల పార్టిషన్ అవతల మైకు పెట్టి జావా చెప్పే సారు, బ్యాచ్ సగంలో తెచ్చి కూర్చోబెట్టే కొత్త అడ్మిషన్లు. మీ దగ్గర ఎలా ఉంది? కరెక్షన్‌కి విడిగా ఇచ్చే చోటు ఒక్కటన్నా ఉందా?

బోర్డు_రాజు
నేను పనిచేసిన ఏ సెంటర్లోనూ ఇవ్వలేదు. ఎవరికైనా వస్తుంటే సెంటర్ పేరు వద్దు, ఎంతిస్తారో చెప్పండి చాలు.

రాయలసీమ_రంగ
మాధవక్కా, నువ్వు చిన్న చిన్నవి అని చివర్లో పడేసినావే, బ్యాచ్ మధ్యలో కొత్తోళ్ళను తెచ్చి కూర్చోబెట్టేది, నాకైతే అదే పెద్దది. స్పోకెన్ బ్యాచ్ మూడో వారంలో ఉంటాది, నిన్న ఏం చేసినావో చెప్పు అంటే నాలుగు వాక్యాలు చెప్పే కాడికి వచ్చింటారు పిల్లోళ్ళు, అప్పుడు అడ్మిషన్లు చూసే కౌన్సిలర్ తలుపు తీసి ఇద్దర్ని లోపలికి తోలుతాది, "సార్ వీళ్ళు కూడా మీ బ్యాచే" అని. ఒకడు బీటెక్, బాగానే మాట్లాడతాడు, ఇంటర్వ్యూ కోసం వచ్చినాడు. ఇంకొకాయన డిగ్రీ దాకా తెలుగు మీడియం, పీజీ హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటాండాడు, పేరు చెప్పమన్నా తల వంచుకుంటాడు. ఇద్దరి దగ్గరా ఒకటే ఫీజు, ఇద్దరికీ ఒకటే పుస్తకం. ఇంగ్లీష్ వచ్చినోడికి విసుగు, రానోడికి భయం. ఆ రానాయన నాలుగు రోజులు కూర్చుని మానేస్తాడు, ఫోన్ చేస్తే ఊరికి పోయినా సార్ అంటాడు. ఆయన కట్టిన డబ్బులు వాళ్ళ నాయన అప్పు తెచ్చి పంపినవి. నాకు బాధంతా అట్లాంటోళ్ళ గురించే.

కమ్మనహళ్ళి_కిరణ్
రంగన్నా నూటికి నూరు పాళ్ళు. చేర్పించేది కౌన్సిలర్, తిట్లు తినేది మనం.

జయనగర్_జానకి
రంగ చెప్పినదానికి లెక్కలున్నాయి. భాష ఎంత వచ్చో కొలవడానికి యూరప్‌లో 2001 నుంచి వాడుతున్న ఏ1 (మొదటి మెట్టు) నుంచి సీ2 (పై మెట్టు) దాకా ఆరు లెవెల్స్ మనందరికీ తెలిసినవే. కేంబ్రిడ్జ్ వాళ్ళ అంచనా ప్రకారం మొదటి నుంచి మొదలుపెట్టిన మనిషి ఏ2కి రావడానికి టీచర్ దగ్గర 180 నుంచి 200 గంటలు పడుతుంది, బీ1కి 350 నుంచి 400, బీ2కి 500 నుంచి 600. మన ఫ్లెక్సీల మీద ఏముంటుంది? 45 రోజుల్లో అనర్గళంగా. రోజూ గంటన్నర, ఒక్క సెలవు కూడా లేకుండా చెప్పినా 45 రోజులకి 70 గంటలు కూడా రావు. 70 గంటల్లో చేయగలిగిన మంచి పని బోలెడుంది, ఫోన్లో మాట్లాడ్డం, తన గురించి తడబడకుండా చెప్పుకోవడం, చిన్న మెయిల్ రాయడం. అది చెప్పి చేర్చుకోవచ్చు కదా. అనర్గళం అని చేర్చుకుని ఆఖరి వారంలో "మేడం నాకింకా రాలేదు" అని ఆ అమ్మాయి నా ముందు ఏడుస్తుంటే నేనేం చెప్పాలి, అబద్ధం చెప్పింది నేను కాదు కదా.

సెంటర్_నడిపేవాడు
అందరూ కౌన్సిలర్‌నీ ఓనర్‌నీ వాయిస్తున్నారు కాబట్టి ఇటువైపు మాట కూడా వినండి. నాది చిన్న సెంటరు, మూడు గదులు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర అద్దె ఎంతో, అడ్వాన్స్ ఎన్ని నెలలది అడుగుతారో మీకు తెలుసు. టర్నోవర్ 20 లక్షలు దాటితే ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. పిల్లలు ఫీజు వినగానే ఎదురు బిల్డింగ్‌లో ఇంతకే ఇస్తున్నారు అంటారు. లెవెల్ టెస్ట్ పెట్టి "మీకు ఈ నెల బ్యాచ్ లేదు, వచ్చే నెల రండి" అంటే వాళ్ళు మెట్లు దిగి నేరుగా ఎదురు బిల్డింగ్ ఎక్కుతారు. పైగా కెనడా వాళ్ళు 2024 నవంబర్లో ఎస్‌డీఎస్ (స్టూడెంట్ వీసా త్వరగా ఇచ్చే పద్ధతి) తీసేసినప్పటి నుంచి నా దగ్గర ఐఈఎల్‌టీఎస్ బ్యాచ్ సగానికి పడిపోయింది. కరెక్షన్‌కి విడిగా ఇవ్వాలని నాకూ ఉంటుంది, ఎక్కడి నుంచి తేవాలి?

మారతహళ్ళి_మాధవి
@సెంటర్_నడిపేవాడు మీ అద్దె కష్టం నాకు అర్థమైంది, నిజంగానే. కానీ అద్దెకి ఓనర్ ఆగడు, కరెంటు వాళ్ళు ఆగరు, సర్దుకోమని చెప్పేది టీచర్‌కే. ఫీజులో కరెక్షన్ కలిపి తీసుకున్నప్పుడు అందులో దిద్దేవాళ్ళ భాగం ఉండాలి కదా.

సెంటర్_నడిపేవాడు
పేపరుకి ఇంత అని ఫిక్స్ చేస్తే ఇవ్వగలను, గంటల లెక్క అయితే కష్టం. ఒకరు పేపరుకి నాలుగు నిమిషాలు చూస్తారు, ఒకరు అరగంట కూర్చుంటారు.

బోర్డు_రాజు
పేపరుకి ఇంత అన్నా మంచిదే. అసలు సున్నా నుంచి బయటపడాలి ముందు.

జయనగర్_జానకి
మాధవీ, డబ్బు సంగతి తేలేలోపు టైము తగ్గించుకునే దారి ఒకటి చెప్తా. ప్రతి పేపర్లో ప్రతి తప్పూ దిద్దకు. రైటింగ్‌కి నాలుగు అంశాల మీద మార్కులు వేస్తారు, ప్రశ్నకి జవాబు చెప్పాడా లేదా, పేరాలు ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటున్నాయా, పదాలు, వ్యాకరణం, నాలుగింటికీ సమాన వాటా. ఒక వారం ఒక్క అంశమే చూస్తానని ముందే చెప్పు. ఇంకోటి, తప్పు పక్కన సరైనది రాసివ్వకు, కోడ్ పెట్టు, టెన్స్ తప్పయితే టీ, స్పెల్లింగ్ అయితే ఎస్‌పీ. దిద్దుకుని తేవడం వాళ్ళ పని. టాస్క్ టూకి టాస్క్ వన్ కంటే రెట్టింపు వెయిట్ ఉంది కాబట్టి ఎక్కువ టైము దానికే ఇవ్వు.

మారతహళ్ళి_మాధవి
కోడ్ పెట్టి చూశాను జానకిగారూ. పిల్లలకి అలవాటయ్యాక బాగుంది, కానీ ఒక తండ్రి సెంటర్‌కి వచ్చి "మేడం మా వాడి పేపరు సరిగ్గా చూడలేదు, ఎర్ర ఇంకే లేదు" అని కంప్లైంట్ ఇచ్చాడు. కోఆర్డినేటర్ నన్ను పిలిచి అంతా దిద్దమంది.

రాయలసీమ_రంగ
ఎర్ర ఇంకు ఎంత పోస్తే అంత చదువు అనుకుంటారు. ఆ నాయనను పిలిచి కూర్చోబెట్టి చూపించల్ల, ఈ వారం ఇది, వచ్చే వారం అది అని. ఒకసారి అర్థమైతే వాళ్ళే మనకు సపోర్టు.

హెచ్ఎస్ఆర్_హరి
అసలు ఇప్పుడు దిద్దేది పిల్లాడి పేపరా ఏఐ పేపరా అన్నదే నా పెద్ద తలనొప్పి. హోంవర్క్ ఎస్సే చూస్తే ఒక్క ఆర్టికల్ తప్పు ఉండదు, "మల్టీఫేసెటెడ్" అని ఉంటుంది, మరుసటి రోజు స్పీకింగ్‌లో ఆ మనిషి "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అంటాడు. తప్పని చెప్తే బాధపడతారు, చెప్పకపోతే పరీక్షలో మునుగుతారు. అందుకే హోంవర్క్ మానేశాను, క్లాసులోనే 40 నిమిషాలు టైము పెట్టి చేత్తో రాయిస్తున్నా. దానికి కోఆర్డినేటర్ ఏమంటాడంటే క్లాసు టైములో రాయిస్తే మీరు ఖాళీగా కూర్చున్నట్టు కెమెరాలో కనిపిస్తోంది అంట.

కమ్మనహళ్ళి_కిరణ్
కెమెరా!!! దాని గురించి వేరే థ్రెడ్డే పెట్టాలి. మా దగ్గర సౌండ్ కూడా రికార్డవుతుంది. తెలుగు మాట వినపడితే ఫోన్ వస్తుంది, "ఓన్లీ ఇంగ్లీష్ సార్" అని.

రాయలసీమ_రంగ
మారతహళ్ళిలో బ్యాచ్ నిండా మనోళ్ళే ఉంటే ఒక మాట తెలుగులో చెప్తే ఏం పోతాది? ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎప్పుడు వాడాలో ఇంగ్లీష్‌లో ఇరవై నిమిషాలు తిప్పి తిప్పి చెప్పే బదులు "తిన్నాను, ఇప్పుడు ఆకలి లేదు" అని చెప్తే రెండు నిమిషాల్లో పట్టుకుంటారు. మిగిలిన పద్దెనిమిది నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడిస్తా.

ఇందిరానగర్_లలిత
రంగ గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. ఇది బెంగళూరు. బ్యాచ్‌లో ఇరవై మంది తెలుగువాళ్ళున్నా హుబ్బళ్ళి నుంచి వచ్చిన ఒక్క అబ్బాయి ఉంటాడు, తిరునెల్వేలి అమ్మాయి ఒకతి ఉంటుంది. మీరు తెలుగులో చెప్పి అందరూ నవ్వినప్పుడు ఆ ఇద్దరి ముఖాలు చూడండి. వాళ్ళూ అంతే ఫీజు కట్టారు. పైగా వాళ్ళ ఊళ్ళో మనం ఉంటూ వాళ్ళని పరాయివాళ్ళని చేయడం నాకు నచ్చదు.

రాయలసీమ_రంగ
కోలారు పిల్లోళ్ళకైతే తెలుగు వస్తాది గానీ హుబ్బళ్ళి మాట కరెక్టే మేడం. కలిసిన బ్యాచ్‌లో నేనూ వాడను, అందరూ మనోళ్ళే ఉన్నప్పటి మాట అది. నా గొడవంతా కెమెరాలో కూర్చుని ఎప్పుడు ఏది వాడాలో నాకు చెప్పేటోడి మీద. వాడికి ఆ గదిలో ఎవరున్నారో తెలీదు.

ఇందిరానగర్_లలిత
అదైతే ఒప్పుకుంటా.

బాగేపల్లి_టీచరమ్మ
మీ మాటలన్నీ చదువుతున్నా. నేను ప్రైవేటు కాదు, సర్కారీ బడి, బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, మూడోది ఇంగ్లీష్. 2007లో కర్ణాటక ఒకటో తరగతి నుంచే ఇంగ్లీష్ పెట్టింది, కానీ ఆ పిల్లలకి ఇంగ్లీష్ వినపడేది నా నోటి నుంచి మాత్రమే, ఊళ్ళో ఎక్కడా వినపడదు. నలి కలి అనే ఆడుతూ నేర్చుకునే పద్ధతిలో ఒకటి రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటారు, రంగ గారి కౌన్సిలర్ ఇద్దర్ని కలిపితే నాకు ప్రభుత్వమే మూడు తరగతులు కలిపి ఇచ్చింది. కాకపోతే దానికి తగ్గట్టు కార్డులు, మెట్లు పెట్టి ఇచ్చారు, పిల్లవాడు తన మెట్టు మీద తను ఉంటాడు, పక్కవాడితో పోలిక లేదు. మీ స్పోకెన్ బ్యాచ్‌లో కూడా అలా మెట్ల కార్డులు చేసుకోవచ్చేమో ఆలోచించండి.

జ్ఞానభారతిలో రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఉంది కదా, 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల సర్కారీ టీచర్లకి ట్రైనింగ్ ఇస్తోంది, నేనూ వెళ్ళాను, చాలా మంచి ట్రైనింగు. నా చికాకు అక్కడి నుంచి తిరిగొచ్చాక మొదలైంది. నేర్చుకున్నది చేద్దామంటే ఒక వారం సర్వే, ఒక వారం ఎలక్షన్ లిస్టు, మధ్యాహ్న భోజనం లెక్క, ఆన్‌లైన్ ఎంట్రీ. పాఠం చెప్పే టైము వీటన్నిటి మధ్య నేను దొంగతనంగా తీసుకోవాల్సి వస్తోంది.

జయనగర్_జానకి
టీచరమ్మా, ఆ మెట్ల కార్డుల ఫోటో ఒకటి పెట్టగలరా? నిజంగా పనికొస్తుంది.

బాగేపల్లి_టీచరమ్మ
సోమవారం బడికెళ్ళి పెడతాను.

కమ్మనహళ్ళి_కిరణ్
నా క్లాసులో తెలుగు కన్నడ గొడవే లేదు, నా స్టూడెంట్స్ ఎక్కువమంది యెమెన్, సూడాన్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీల్లో చదివేవాళ్ళు. వాళ్ళతో పనిచేయడం నాకు చాలా ఇష్టం, నోరు తెరిచి మాట్లాడతారు, తప్పు అవుతుందన్న బెరుకు ఉండదు. అరబిక్‌లో "ప" శబ్దం లేదు కాబట్టి పార్కింగ్ బార్కింగ్ అవుతుంది, కుడి నుంచి ఎడమకి రాసే అలవాటు కాబట్టి చదవడం మొదట్లో నెమ్మది. ఇదంతా మామూలే, దానికి టైమిస్తే సరిపోతుంది. చికాకేంటంటే సెంటర్ నుంచి ఈ స్టూడెంట్స్‌కి ఇచ్చిన పుస్తకం మన తెలుగు కన్నడ పిల్లల తప్పుల కోసం రాసినది. అందులో సగం ఎక్సర్‌సైజులు వీళ్ళు చేయని తప్పులకి. వీళ్ళకి కావలసినవి నేనే తయారు చేసి జిరాక్స్ నా డబ్బుతో తీయిస్తున్నా. రిసెప్షన్‌లో జిరాక్స్ మెషీన్ ఉంది, "మేనేజ్‌మెంట్ యూజ్ ఓన్లీ" అని కాగితం అంటించారు.

హెచ్ఎస్ఆర్_హరి
ఆ కాగితం ఏ మెషీన్ మీద జిరాక్స్ తీశారో అడగాల్సింది.

చెన్నై_చంద్రిక
చెన్నైలోనూ ఇంతే. ఇక్కడ శ్రీపెరుంబుదూర్ వైపు కొరియా కంపెనీల వాళ్ళ కుటుంబాలకి చెప్తాను. వాళ్ళు మర్యాదస్తులు, డబ్బు టైముకి ఇస్తారు, ఒక్క కష్టం ఏంటంటే అర్థం కాకపోయినా తల ఊపుతారు, టీచర్‌ని అడగడం అమర్యాద అనుకుంటారు. నేను "అర్థమైందా" అని అడగడం మానేసి "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంటున్నా.

ఇందిరానగర్_లలిత
చంద్రికా, నాకు బిడది కార్ల ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చిన జపాన్ కుటుంబాలు, అచ్చం అంతే. ఇండియాకి రాకముందే కొందరు జపాన్ నుంచి ఆన్‌లైన్‌లో మొదలుపెడతారు, వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు ముందుంటారు, వాళ్ళ తొమ్మిది గంటల క్లాసుకి నేను తెల్లవారి ఐదున్నరకి కెమెరా ముందు కూర్చోవాలి. దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది మధ్యలో ఉండే ఏజెన్సీతో. స్టూడెంట్ ఐదు నిమిషాల ముందు క్యాన్సిల్ చేస్తే నాకు డబ్బు లేదు, నేను ఒక రోజు ముందు చెప్పి క్యాన్సిల్ చేసినా ఫైన్. ఇంకోటి, అదే ఏజెన్సీ ప్రకటనలో "నేటివ్ స్పీకర్" అయితే ఒక రేటు, మనకి అందులో సగం కంటే తక్కువ. డిగ్రీ అడగరు, అనుభవం అడగరు, పాస్‌పోర్ట్ రంగు అడుగుతారు. నేను సెల్టా చేశాను, ఇంగ్లీష్ టీచర్ల కోసం కేంబ్రిడ్జ్ వాళ్ళ 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజం క్లాసులు చెప్పి చూపించాలి, అది చేయని మనిషికి నా మీద రెట్టింపు ఇవ్వడం నేను ఎన్నటికీ ఒప్పుకోను.

బోర్డు_రాజు
మేడం ఆ క్యాన్సిలేషన్ రూల్ కాగితం మీద ఉందా నోటి మాటేనా?

ఇందిరానగర్_లలిత
ఫైన్ సంగతి కాగితం మీద ఉంది. నాకు రావలసినదే లేదు.

హెచ్ఎస్ఆర్_హరి
డబ్బు టాపిక్ కాబట్టి ఒకటి చూసుకోండి అందరూ. ప్రొఫెషనల్ ఫీజు అని మన దగ్గర 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పట్టుకుంటారు. పట్టుకోవడం వేరు, మన పాన్ మీద కట్టడం వేరు. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో మన పాన్ మీద కట్టిన టీడీఎస్ లెక్క తీసి చూడండి, అందులో కనపడకపోతే ఆ డబ్బు మీకు రిటర్న్‌లో రాదు. నాకు ఒక పాత సెంటర్ రెండు క్వార్టర్లు పట్టుకుని కట్టలేదు, మెయిల్ మీద మెయిల్ పెట్టాక కట్టారు. నోటితో అడిగితే కదలరు, మెయిల్‌కి కదులుతారు.

మారతహళ్ళి_మాధవి
ఇప్పుడే చూశాను, నాది ఉంది. థాంక్యూ హరీ. దీని గురించి నాకెవరూ చెప్పలేదు.

వైట్‌ఫీల్డ్_వాణి
ఆలస్యంగా చూశా. ఎవరూ గొంతు గురించి అనలేదేంటి? ఉదయం ఏడు గంటల కార్పొరేట్ బ్యాచ్, మధ్యాహ్నం కాలేజీ, రాత్రి తొమ్మిది దాకా స్పోకెన్. అద్దాల గదుల్లో ఎకో, ఏసీ మోత, పక్కన జావా సారు మైకు, వీటి మీద నుంచి అరవాలి. నాకు గొంతు పోయి నెలలు తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాను, స్వరపేటిక మీద చిన్న కాయల్లాంటివి వచ్చాయన్నారు, వాడకం తగ్గించి స్పీచ్ థెరపీ చేయమన్నారు. మైసూరులో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, అక్కడికి వెళ్ళాను. ఊపిరి ఎలా తీసుకోవాలి, గొంతు ఎలా వాడాలి అన్నీ ఓపిగ్గా నేర్పారు. గుసగుసగా మాట్లాడితే గొంతుకి రెస్ట్ అనుకుంటాం, అదీ మంచిది కాదన్నారు. బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఆగకండి, దయచేసి చూపించుకోండి. మనకి గొంతు తప్ప ఇంకేముంది పనిముట్టు.

రాయలసీమ_రంగ
వాణమ్మా ఇప్పుడెట్లుంది?

వైట్‌ఫీల్డ్_వాణి
నయం అన్నా. నడుముకి కట్టుకునే చిన్న మైకు కొనుక్కున్నా. సెంటర్ వాళ్ళని అడిగితే పక్క క్లాసుకి డిస్టర్బ్ అన్నారు, జావా సారు మైకు మాత్రం డిస్టర్బ్ కాదు.

కమ్మనహళ్ళి_కిరణ్
కంప్యూటర్ కోర్సు ఫీజు ఎక్కువ, అందుకే ఆ మైకు గట్టిగా ఉంటుంది.

బోర్డు_రాజు
మార్కర్ల గురించి ఒక మాట, మాధవి మేడం మొదట్లో అన్నారు. ఎవడో పర్మనెంట్ మార్కర్‌తో వైట్‌బోర్డు మీద రాసేస్తే రుద్ది రుద్ది చావకండి, దాని మీదే మామూలు బోర్డు మార్కర్‌తో గీసి వెంటనే తుడవండి, రెండూ కలిసి వచ్చేస్తాయి. లేదంటే శానిటైజర్. మార్కర్లు నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి ఉంచితే ఎక్కువ రోజులు వస్తాయి.

జయనగర్_జానకి
మనం ఊరికే వాపోయి వదిలేయకుండా ఒక కాగితం తయారు చేద్దాం. సెంటర్లో చేరేముందు విజిటింగ్ ఫ్యాకల్టీ మెయిల్‌లో అడగాల్సినవి. నేను మూడు మొదలుపెడుతున్నా. పేపరు దిద్దినందుకు పేపరుకి ఇంత. చేర్చుకునే ముందు పదిహేను నిమిషాల లెవెల్ టెస్ట్, టీచరే చూడాలి. రెండో వారం దాటాక కొత్తవాళ్ళు రాకూడదు.

ఇందిరానగర్_లలిత
క్యాన్సిలేషన్ చేర్చండి. క్లాసుకి నాలుగు గంటలలోపు ఎవరు క్యాన్సిల్ చేసినా క్లాసు జరిగినట్టే లెక్క, ఇద్దరికీ ఒకటే రూలు.

సెంటర్_నడిపేవాడు
పేపరు రేటు, రెండో వారం రూలు నేను ఒప్పుకుంటా, వచ్చే బ్యాచ్ నుంచి పెడతాను. లెవెల్ టెస్ట్‌కి టీచర్ వచ్చే టైముకి అడ్మిషన్ వాళ్ళు ఆగరు, అది ఫోన్లో చేస్తే ఓకేనా?

జయనగర్_జానకి
స్పోకెన్‌కి ఫోన్ చాలు. ఐఈఎల్‌టీఎస్‌కి మాత్రం ఒక పేరా రాయించి ఫోటో పంపించండి.

సెంటర్_నడిపేవాడు
సరే.

కమ్మనహళ్ళి_కిరణ్
జిరాక్స్ కూడా రాయండి. నెలకి ఇన్ని పేజీలు సెంటర్ ఖర్చు.

హెచ్ఎస్ఆర్_హరి
టీడీఎస్ పట్టుకుంటే ప్రతి క్వార్టర్‌కి టీడీఎస్ సర్టిఫికెట్ మెయిల్‌లో రావాలి.

వైట్‌ఫీల్డ్_వాణి
మైకు వాడుకోనివ్వాలి. రెండు క్లాసుల మధ్య పదిహేను నిమిషాలు గ్యాప్, అందులో డౌట్లు అడగడానికి పిల్లల్ని పంపకూడదు.